అగుస్తీనును ఏ వరుసలో చదవాలి?

ఆగస్టు 27వ తేదీన మోనికమ్మ ఉత్సవం. మరునాడే ఆమె కుమారుడు అగుస్తీను ఉత్సవం. తల్లి కన్నీటి ప్రార్థన, కొడుకు హృదయపరివర్తనం మన కుటుంబాల్లో అందరికీ తెలిసిన కథే. జ్ఞానోపదేశం నేర్చుకొనే పిల్లలు కూడ చెప్పగలరు. ఐతే ఆ కథను మనం ఒక చోట ఆపివేస్తాం. 386లో మిలాను నగరంలోని తోటలో అగుస్తీను మనసు మారింది. 387లో పాస్కా జాగరణ రాత్రి అంబ్రోసు చేతిమీదుగా జ్ఞానస్నానం పొందాడు. అక్కడితో కథ కంచికి చేరింది అనుకొంటాం. కాని అప్పటికి అతని వయస్సు 32 ఏళ్ళే. ఆ పిమ్మట ఇంకా 43 ఏళ్ళు జీవించాడు. ఆ 43 ఏళ్ళలో ఆ భక్తుడు ఆలోచించడం మానలేదు, తన ఆలోచనలను దిద్దుకోవడం కూడ మానలేదు. ఈ వారం ఆ సంగతిని చూద్దాం.

డిగ్రీ చదువుకొంటూన్న ఓ యువకుడు ఈమధ్య ఒక సందేహం తెచ్చాడు. అతడు అగుస్తీను భావాలను ఓ నోటు పుస్తకంలో ఎత్తి వ్రాసుకొంటూంటాడు. ఒక పేజీలో ఈలా ఉంది: విశ్వసించడం మన పని, విశ్వసించినవారికి మంచి చేసే శక్తినీయడం దేవుని పని. నాలుగు పేజీలు తిప్పితే, ఆ విశ్వాసం కూడ దేవుడిచ్చిన వరమే, అది మన సొంత సంపాదన కాదు అని ఉంది. రెండు భావాలూ అగుస్తీనువే. "వీటిలో దేన్ని నమ్మాలి? ఇంత గొప్ప వేదపండితుడు రెండు నాలుకలతో మాట్లాడాడా?" అని అతని ప్రశ్న.

ఆ నోటు పుస్తకంలో ఒక లోపముంది. భావం ఉంది, పుస్తకం పేరు ఉంది, ఎప్పుడు వ్రాశాడో మాత్రం లేదు. మొదటిది 394-95 ప్రాంతంలో, అగుస్తీను ఇంకా హిప్పోలో గురువుగా ఉన్నపుడు వ్రాసింది. రెండవది 428-29లో, అతడు చనిపోవడానికి ఏడాది రెండేళ్ళ ముందు వ్రాసింది. మధ్యలో 30 ఏళ్ళకు పైగా గడిచిపోయాయి. మీకు పెండ్లయిన క్రొత్తలో మీరు వ్రాసిన ఉత్తరాన్నీ, మనుమలు పుట్టాక వ్రాసిన ఉత్తరాన్నీ ఎవరైనా ఒకే కవరులో పెట్టి, ఈ మనిషి మాటమీద నిలబడడు అంటే మీరు ఒప్పుకొంటారా?

ఈ చిక్కును అందరికంటె ముందు గుర్తించినవాడు అగుస్తీనే. 426 సెప్టెంబరు 26న అతడు హిప్పో ప్రజలను దేవాలయంలో సమావేశపరచాడు. ఎరాక్లియసు అనే గురువును తన వారసునిగా వారికి చూపించి, తగవులు తీర్చడం మొదలైన రోజువారీ పనులు అతనికి అప్పజెప్పాడు. తనకు చదవడానికి, వ్రాయడానికి కాస్త తీరిక కావాలన్నాడు. అప్పటికి అతనికి 71 ఏళ్ళు. ఆ తీరికలో ఏమి చేశాడు? తన గ్రంథాలన్నిటినీ బయటికి తీయించి, వ్రాసిన వరుసలోనే మళ్ళీ చదువుకొన్నాడు. 93 గ్రంథాలు, వాటిలో మొత్తం 232 సంపుటాలు. ఒక్కొక్కటి ఎప్పుడు, ఏ సందర్భంలో వ్రాశాడో చెప్పి, అందులో తనకు నచ్చని మాటలు ఎత్తి చూపి దిద్దాడు. మాస్టారు విద్యార్థి పేపరును ఎర్ర సిరాతో దిద్దినట్లుగా తన పేపరును తానే దిద్దుకొన్నాడు. ఆ పుస్తకానికి లతీనులో రెత్రక్తాత్సియోనెస్ అని పేరు. ఈ పదానికి తప్పయిందని మాట వెనక్కు తీసుకోవడం అని అర్థం చెప్తారు. అది సరికాదు. ఒక వస్తువును మళ్ళీ చేతిలోకి తీసుకొని తిప్పి చూడడం అని దాని భావం. మనం పునఃపరిశీలన అనవచ్చు. నా గ్రంథాలను వ్రాసిన వరుసలో చదివేవారు, వ్రాస్తూ వ్రాస్తూ నేనెలా ముందుకు సాగానో బహుశా గ్రహిస్తారు అనే ఆశను ఆ పుస్తకం ముందుమాటలోనే వెలిబుచ్చాడు. కనుక అతణ్ణి వరుసలో చదవడం మన పండితులు కనిపెట్టిన పద్ధతి కాదు. అతడే కోరిన పద్ధతి.

ఇక ఎక్కడ మారాడో చూద్దాం. మొదట, జ్ఞానస్నానానికి ముందు 386 చివర మిలాను దగ్గరి కాస్సిసియాకుం అనే పల్లెలో, స్నేహితుని ఇంట ఉండి వ్రాసిన పుస్తకాలు. అప్పుడతనితో తల్లి మోనికమ్మ ఉంది, కొడుకు అదెయొదాతుసు ఉన్నాడు, కొందరు శిష్యులున్నారు. అంతకు కొద్ది నెలల క్రితమే ప్లేటో శిష్యుల గ్రంథాలు చదివి ఉబ్బితబ్బిబ్బయిన రోజులవి. ఆ పుస్తకాల్లో ప్లేటో వర్గంవారిని ఎంతగానో పొగిడాడు. ఇంద్రియాలకు తోచే వస్తువులన్నిటినుండి పారిపోవాలన్నాడు. జ్ఞాని ఐనవానికి దేహం ఏ స్థితిలో ఉన్నా ఈ లోకంలోనే ఆనందం దొరుకుతుందన్నాడు. దేవుని చేరడానికి సాహిత్యం, గణితం, సంగీతం మొదలైన చదువులు గొప్ప మెట్లన్నాడు.

40 ఏళ్ళ తర్వాత ఆ పుస్తకాలు చదువుకొన్న ముసలి పీఠాధిపతి ఏమన్నాడు? ఆ పొగడ్త అతి అయింది అన్నాడు. ఇంద్రియ వస్తువులన్నిటినుండి పారిపోవాలనే మాట, దేహమే చెడ్డది అన్న పోర్ఫిరీ మాటలాగ ధ్వనిస్తోంది, జాగ్రత్తగా చెప్పవలసింది అన్నాడు. సంపూర్ణానందం ఈ లోకంలో కాదు, దేహం కూడ చావులేనిదై లేచిన పిమ్మటనే అన్నాడు. ఆ మధ్య కాలంలో అతడు ఎందరి చావులు చూశాడో, ఎన్ని పాస్కా పండుగల్లో ఉత్థానాన్ని గూర్చి ప్రసంగించాడో తలంచుకొంటే, ఈ దిద్దుబాటు కేవలం పుస్తకాలనుండి వచ్చింది కాదని నాకు తోస్తుంది. చదువుల విషయంలో అతడు దిద్దిన మాటను పిల్లల మార్కులకోసం ప్రాణం పెట్టే తల్లిదండ్రులు గమనించాలి. ఆ విద్యలు ఏమాత్రం ఎరుగని పునీతులు ఎందరో ఉన్నారు, వాటిని ఎరిగికూడ పునీతులు కానివాళ్ళు కొందరున్నారు అన్నాడు. చదువు వద్దనలేదు, దానికి తాను ముందు ఇచ్చిన పెద్దపీట తీసివేశాడు, అంతే.

ఇప్పుడు మన యువకుని ప్రశ్న దగ్గరికి వద్దాం. అగుస్తీను యువకుడుగా ఉన్నపుడు తొమ్మిదేళ్ళపాటు మనిచీయుల మతంలో ఉన్నాడు. లోకంలోని చెడుకు ఒక చెడ్డ శక్తి కారణం, మనలోని పాపం కూడ దాని పనే అని వాళ్ళు చెప్పేవాళ్ళు. దీన్ని ఖండించడానికి అతడు 388లో రోములో "స్వేచ్ఛాసంకల్పం" అనే గ్రంథం మొదలుపెట్టి, ఆఫ్రికాలో గురువైన తర్వాత ముగించాడు. పాపం మన సంకల్పంనుండే వస్తుంది, నేరం మనదే అని అందులో గట్టిగా చెప్పాడు. ఎదుట ఉన్నది మనిచీయులు కనుక నొక్కు అంతా మనిషి సంకల్పంమీదనే పడింది.

తర్వాత ఏం జరిగిందో చూడండి. పెలాజియసు అనే బోధకుడు రోములో పేరుపొందాడు. మనిషి పట్టుదలతో తలంచుకొంటే దేవుని ఆజ్ఞలు పాటించగలడు అన్నది అతని బోధ సారం. అతడు తన పక్షాన సాక్ష్యంగా ఎవరి మాటలను ఎత్తి చూపించాడు? అగుస్తీను వ్రాసిన ఆ స్వేచ్ఛాసంకల్పం గ్రంథంలోని మాటలనే! ఎవరి కత్తితో వారినే పొడవడం అంటే ఇదే. అగుస్తీను 415లో దానికి జవాబు వ్రాశాడు. పునఃపరిశీలనలో కూడ ఆ గ్రంథాన్ని గూర్చి పేజీలకొద్దీ వ్రాశాడు. అక్కడ ప్రశ్న చెడు ఎక్కడినుండి వచ్చిందనేది, దేవుని వరప్రసాదాన్ని గూర్చి కాదు, ఐనా వరప్రసాదాన్ని పూర్తిగా మరచిపోలేదు అని వివరించాడు. నిజం చెప్పాలంటే ఈ పుస్తకంలో అతడు కొన్ని చోట్ల న్యాయాధిపతిలాగ కాక తన కేసు తానే వాదించుకొనే వకీలులాగ మాట్లాడతాడు. అదికూడ మనం గమనించవలసిందే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. అగుస్తీను పెలాజియసుతో పోట్లాడి పోట్లాడి, ఆ కోపంలో వరప్రసాదమే సమస్తం అనే కొసకు వెళ్ళాడు అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని తేదీలు అలా చెప్పడం లేదు. పెలాజియసు బోధకు ఎదురుగా అగుస్తీను వ్రాయడం మొదలుపెట్టింది 411-12లో. అతని మనసు మారింది అంతకు 15 ఏళ్ళ ముందే, 396 ప్రాంతంలో, పీఠాధిపతియైన క్రొత్తలో. మిలానులో తనకు దారి చూపిన పెద్దాయన సింప్లిసియానుసు కొన్ని ప్రశ్నలు పంపాడు. వాటిలో ఒకటి, రోమీయులకు వ్రాసిన లేఖ 9వ అధ్యాయంలో యాకోబు, ఏసావుల సంగతి. ఇంకా పుట్టని, మంచిచెడులు చేయని బిడ్డల్లో దేవుడు ఒకణ్ణి ఎందుకు ఎన్నుకొన్నాడు? ఈ చిన్నవాడు విశ్వసిస్తాడని ముందే తెలిసి ఎన్నుకొన్నాడు అని చెప్పడం అగుస్తీను పాత పద్ధతి. ఈసారి పౌలును మాటమాట పట్టుకొని చదివేసరికి ఆ జవాబు నిలువలేదు. దేవునినుండి పొందనిది నీకేమున్నది అని పౌలు కొరింతీయులను అడిగిన ప్రశ్న అతన్ని పట్టుకొంది. విశ్వాసం కూడ పొందినదే ఐతే, దాన్ని నా పెట్టుబడి అని ఎలా చెప్పుకోను? మనిషి సంకల్పాన్ని నిలబెట్టాలని తాను గట్టిగా పెనుగులాడాననీ, చివరకు దేవుని వరప్రసాదమే గెలిచిందనీ తర్వాత అతడే ఒప్పుకొన్నాడు. ఎదుట శత్రువు ఎవడూ లేడు. ఒక ముసలి గురువు అడిగిన ప్రశ్న, బల్లమీద పౌలు లేఖ, అంతే.

ఆ తర్వాతనే, 397 మొదలుకొని, తన "ఒప్పుకోలు" గ్రంథం వ్రాశాడు. కనుక తోటలో జరిగిన హృదయపరివర్తనాన్ని అందులో చదివేటపుడు, ఇది 386లో వ్రాసిన డైరీ కాదు, వరప్రసాదాన్ని గూర్చి క్రొత్తగా కన్ను తెరచినవాడు పదేళ్ళ తర్వాత వెనుదిరిగి చూసి వ్రాసిన ప్రార్థన అని గుర్తుంచుకోవాలి. ఈ తేడా వల్లనే పండితుల్లో పెద్ద వివాదం లేచింది. 1918లో ప్రోస్పెర్ అల్ఫారిక్ అనే ఫ్రెంచి పండితుడు, 386లో అగుస్తీను చేరింది సువిశేషం దగ్గరకు కాదు, ప్లేటో శిష్యుల దగ్గరికే అని వాదించాడు. అతడు మరీ దూరం వెళ్ళాడు. అప్పటి పుస్తకాల్లోకూడ క్రీస్తు అధికారాన్ని మించింది తనకు లేదని అగుస్తీను స్పష్టంగా చెప్పాడు. కాని రెండు కాలాల వ్రాతలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడాలనే పట్టు మాత్రం మంచిదే.

మార్పు అంతా ఎదుగుదలేనా? కాదు. ఇది చెప్పడానికి నోరు రావడం కష్టమే కాని చెప్పాలి. ఆఫ్రికా క్రైస్తవుల్లో దొనాతీయులు వేరుపడి తమ పీఠాధిపతులను తాము పెట్టుకొన్నారు. వారిని బలవంతంగా ఐక్యపరచగూడదు, మాటతోనే ఒప్పించాలి అని అగుస్తీను మొదట అనేవాడు. 408 ప్రాంతంలో విన్సెంసియసు అనే అతనికి వ్రాసిన లేఖలో తన అభిప్రాయం మారిందని తానే చెప్పాడు. చక్రవర్తి చట్టాల భయంవల్ల ఊళ్ళకు ఊళ్ళే శ్రీసభకు తిరిగి వచ్చాయి, అందులో తన సొంత ఊరుకూడ ఉంది అన్నాడు. ఫలితం చూసి సూత్రం మార్చుకొన్నాడన్నమాట. ఐనా మరణశిక్ష మాత్రం వద్దని అధికారులను బ్రతిమాలుకొన్నాడు. హంతకులైన దొనాతీయులను కూడ చంపవద్దని మార్సెల్లినుసు అనే అధికారికి వ్రాసిన లేఖ మనకు దక్కింది. ఐతే అతని లేఖను తర్వాతి శతాబ్దాల్లో బలప్రయోగానికి సాక్ష్యంగా వాడుకొన్నారు. 1965 డిసెంబరు 7న రెండవ వాటికను మహాసభ మతస్వేచ్ఛను గూర్చి ప్రకటించిన పత్రం, విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని బోధించింది. ఈ విషయంలో యువ అగుస్తీనే మనకు దగ్గరివాడు. కడపటి మాటే ఉత్తమమైన మాట అని ముందే లెక్క వేసుకొని చదివేవాడు ఇక్కడ దెబ్బతింటాడు.

ముసలితనంలో వ్రాసినవాటిని మాత్రమే పట్టుకొన్నా ప్రమాదమే. 426-27లో హద్రుమేతుం అనే ఊరి మఠవాసుల్లో కలత పుట్టింది. అంతా వరప్రసాదమే ఐతే, తప్పు చేసిన సోదరుణ్ణి మఠపెద్ద ఎందుకు మందలించాలి, అతని కొరకు ప్రార్థిస్తే చాలదా అని కొందరడిగారు. బిడ్డలను పెంచేవారికి ఈ ప్రశ్న క్రొత్త కాదు. అగుస్తీను వారికి రెండు గ్రంథాలు వ్రాసి పంపాడు. ప్రార్థనా కావాలి, మందలింపూ కావాలి, ఆ మందలింపు ద్వారానే దేవుడు పని చేయవచ్చు అన్నాడు. ఇక ఎవరు రక్షణకు ఎన్నుకోబడ్డారు అనే ప్రశ్నలో అతని చివరి పుస్తకాలు చాల కఠినంగా ఉంటాయి. శ్రీసభ వాటిని ఉన్నవి ఉన్నట్లుగా తలకెత్తుకోలేదు. 529లో ఓరెంజి మహాసభ, విశ్వాసపు తొలి అడుగు కూడ వరప్రసాదమే అనే అతని బోధను అంగీకరించింది. దేవుడు కొందరిని చెడుకు నిర్ణయించాడు అనే భావాన్ని మాత్రం శపించి త్రోసివేసింది. 1640లో అచ్చయిన జాన్సెన్ గ్రంథం ఆ కడపటి పుస్తకాలనుండే తన బలం తెచ్చుకొంది. దాని పేరే "అగుస్తీనుసు". అందులోనివిగా ఎంచిన ఐదు ప్రతిపాదనలను 1653లో పోపు పదవ ఇన్నోసెంటు ఖండించాడు.

ఇన్ని మారినా, మారనిది ఏమిటి? 386లో "ఆనందజీవితం" అని చిన్న పుస్తకం వ్రాశాడు. 426 ప్రాంతంలో ముగించిన "దేవుని నగరం" 22వ సంపుటంలో కూడ అదే ప్రశ్న. మనిషికి ఆనందం ఎక్కడ? జవాబు మొదటినుండి దేవుడే. కాని మొదటి పుస్తకంలో ఆ ఆనందం స్నేహితులతో చర్చించే జ్ఞానికి దొరుకుతుంది. చివరి దానిలో ఉత్థానమైన జనసమూహానికంతటికీ దొరుకుతుంది. అదే సంపుటంలో, హిప్పోలో పునీత స్తెఫాను అవశేషాలున్న చోట రెండేళ్ళు తిరక్కముందే దాదాపు 70 అద్భుతాలు కాగితాలకెక్కాయని వ్రాశాడు. తొలిరోజుల్లో, 390 ప్రాంతంలో, అద్భుతాల కాలం గడిచిపోయింది అన్నవాడూ అతడే! తన విచారణ ప్రజల మధ్య ఉండి కళ్ళతో చూసి, చెవులతో విని మార్చుకొన్న మాట ఇది.

అగుస్తీను ఎలా మారాడో వ్రాసినవారు కూడ మారవలసి వచ్చింది. పీటరు బ్రౌను 1967లో వ్రాసిన జీవితచరిత్ర ఈ తరంలో చాల పేరుపొందింది. ఆ తర్వాత యోహానెస్ దివ్యాక్ అనే ఆస్ట్రియా పండితుడు కనుగొన్న దాదాపు 30 లేఖలు 1981లో అచ్చయ్యాయి. 1990లో ఫ్రాన్సు పండితుడు ఫ్రాన్స్వా దొల్బో, మైంజ్ నగర గ్రంథాలయంలోని వ్రాతప్రతిలో 26 ప్రసంగాలు కనుగొన్నాడు. ఆ లేఖల్లో ఒకదానిలో బానిస వ్యాపారులు మనుష్యులను ఎత్తుకొనిపోతూంటే, హిప్పో విశ్వాసులు దాదాపు 120 మందిని విడిపించిన సంగతి ఉంది. పెలాజియసు వివాదంలో కరకుగా కనిపించే ఆ ముసలి పీఠాధిపతి ఇక్కడ బాధితుల కొరకు చట్టాలు వెదకుతూ, మిత్రునికి లేఖలు వ్రాస్తూ కనిపిస్తాడు. 2000లో బ్రౌను తన పుస్తకానికి క్రొత్త అధ్యాయాలు చేర్చి, వృద్ధ అగుస్తీనును తాను మరీ కఠినంగా చిత్రించానని ఒప్పుకొన్నాడు.

పునఃపరిశీలన పూర్తి కాలేదు. గ్రంథాలు చూడడం ముగిసింది. లేఖలు, ప్రసంగాలు మిగిలాయి. లేఖలు చాలావరకు చదివాడు కూడ. ఇంతలో జూలియను అనే ప్రత్యర్థి తనమీద వ్రాసిన ఎనిమిది సంపుటాలను రోమునుండి మిత్రుడు అలీపియసు పంపసాగాడు. దానితో ఒక పని పగలు, ఒక పని రాత్రి చేస్తున్నానని క్వోద్‌వుల్త్‌దేయుసుకు వ్రాశాడు. జూలియనుకు జవాబుకూడ ఆరవ సంపుటం దగ్గరే ఆగిపోయింది. 430లో వాండలులు హిప్పోను ముట్టడించారు. ఆగస్టు 28న, 75 ఏళ్ళ వయస్సులో, మంచం ప్రక్క గోడకు పశ్చాత్తాప కీర్తనలు అంటించుకొని చదువుకొంటూ కన్ను మూశాడు. అతని పుస్తకాలు దక్కాయి. శిష్యుడు పొస్సీడియసు వాటికి ఒక పట్టిక వ్రాసి ఉంచాడు.

మీ ఇంట్లో ఎవరైనా అగుస్తీనును చదవదలిస్తే "ఒప్పుకోలు" గ్రంథంతో మొదలుపెట్టండి. 8వ, 9వ సంపుటాలను కుటుంబ ప్రార్థన తర్వాత రోజుకు రెండు పేజీల చొప్పున పైకి చదువుకోవచ్చు. పిల్లలకు కూడ అర్థమౌతుంది. పిమ్మట వెనక్కు వెళ్ళి "ఆనందజీవితం" చదవండి. అది చిన్నది, అందులో మోనికమ్మ మాట్లాడుతుంది. ప్రతి పుస్తకం మొదటి పేజీలో అది వ్రాసిన సంవత్సరం, అప్పటికి అగుస్తీను వయస్సు పెన్సిలుతో వ్రాసుకోండి. పునఃపరిశీలనలో ఆ పుస్తకాన్ని గూర్చి అతడు చెప్పిన నాలుగు మాటలు దాని తర్వాత చదవండి, ముందు వద్దు. ముందే చదివితే తప్పులు వెదకుతూ కూర్చుంటాం.

మన యువకుడు ఇప్పుడు తన నోటు పుస్తకంలో భావాల ప్రక్కన సంవత్సరాలు వేస్తున్నాడు. 394-95 నాటి పేజీకి, 428-29 నాటి పేజీకి మధ్య ఒక పేజీ ఖాళీగా వదలిపెట్టాడు. సింప్లిసియానుసుకు వ్రాసిన జవాబు అందులో ఎక్కించుకోవాలట. దాని ఇంగ్లీషు అనువాదం కొరకు వెదకుతున్నాడు.